దొర వేషములో వెయ్యి మైళ్లు

(పెద్దల బైబిలు తరగతికి అధ్యయనము. ముందుగా చదివి రావలసిన భాగములు: నిర్గమకాండము 1:15-21, ఎస్తేరు 2:5-11, అపొస్తలుల కార్యములు 17:22-31)



నిర్గమకాండములోని మంత్రసానుల సంగతి తరగతిలో వచ్చినప్పుడెల్లా ఒక ప్రశ్న తప్పక లేస్తుంది. షిఫ్రా, పూయా ఫరోతో చెప్పినది నిజమేనా? నిజము కాకపోతే దేవుడు వారికి మేలు చేశాడని ఎందుకు వ్రాయబడింది? ఎస్తేరు దగ్గర కూడ ఇదే చిక్కు. మొర్దెకై చెప్పిన ప్రకారము ఆమె తన జనమును, తన వంశమును ఎవరికీ తెలియనివ్వలేదు. తాను ఎవరో దాచుకొనుట పాపమా? పరాయి ఊళ్లో బ్రతికినవారు ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరు.

ఒక్క మాటలో జవాబు చెప్పగల జ్ఞానము మాకు లేదు. అందుచేత ఈసారి వ్యాఖ్యానము బదులు ఒక చరిత్రను మీ ముందు పెడుతున్నాము. అమెరికా దేశములో బానిసత్వము సాగిన కాలములో ఎలెన్ క్రాఫ్ట్ అను బానిస స్త్రీ, ఆమె భర్త విలియము చేసిన ప్రయాణమిది. విలియము దీనిని స్వయముగా పుస్తకముగా వ్రాసి 1860లో లండనులో అచ్చు వేయించాడు.

ఆ దినములలో అమెరికా దక్షిణ రాష్ట్రముల చట్టము ఒకటి ముందుగా తెలుసుకొనవలెను. బిడ్డ తల్లి స్థితిని పొందును. తల్లి బానిసయైతే బిడ్డ బానిస. తండ్రి ఎవరైనను సరే, ఆ తండ్రి ఆ ఇంటి యజమానియే అయినను సరే. ఎలెన్ 1826లో జార్జియా రాష్ట్రములోని క్లింటన్ అను ఊరిలో పుట్టింది. తల్లి మరియ బానిస. తండ్రి ఆ తల్లిని కొనుక్కున్న జేమ్స్ స్మిత్ అను తెల్లదొర. బిడ్డ తండ్రి రంగుతో పుట్టింది. ఇంటికి వచ్చిన చుట్టములు ఆమెను ఆ ఇంటి పిల్లయే అనుకొని పలకరించేవారు. అది ఇల్లాలికి కంటిలో నలుసైంది. ఎలెన్‌కు పదకొండేళ్లప్పుడు ఆ ఇంటి కూతురు ఎలైజాకు పెండ్లి జరిగింది. పెండ్లి కానుకలలో ఎలెన్ ఒకటి. అనగా ఒక తండ్రి బిడ్డలలో ఒకరు వధువు, ఒకరు ఆ వధువుకు ఇచ్చిన వస్తువు. ఆ విధముగా ఆమె తల్లిని విడిచి మేకన్ అను పట్టణమునకు వచ్చింది.

విలియము కథ వేరు. అతడు నల్లనివాడు, మేజాలు, బీరువాలు చేసే వడ్రంగము నేర్చినవాడు. అతని యజమాని దయగల క్రైస్తవుడని ఊరంతటికీ పేరు. ఆ పేరుగల మనిషే విలియము తండ్రిని ఒకరికి, ముసలి తల్లిని మరొకరికి అమ్మివేశాడు. తరువాత ప్రత్తి వ్యాపారములో పెట్టుటకు డబ్బు కావలసి విలియమును, అతని చిన్న చెల్లెలిని బ్యాంకులో తాకట్టు పెట్టాడు. అప్పు తీరలేదు. ఇద్దరినీ వేలమునకు పెట్టారు. చెల్లెలిని కొన్నవాడు బండి ఎక్కించుకొని పోవుచుండగా, ఒక్కసారి దగ్గరకు పోయి వీడ్కోలు చెప్పనివ్వుమని విలియము వేలము వేయువానిని బ్రతిమాలాడు. వాడు ఒప్పుకొనలేదు.

'దయగల క్రైస్తవుడు' అను మాట దగ్గర మనము కాసేపు ఆగాలి. ఇది మన బాప్టిస్టు చరిత్రకు కూడ తగులుతుంది. బానిసలు గలవానిని మిషనరీగా నియమించెదరా అని అలబామా బాప్టిస్టులు 1844లో బోస్టనులోని మిషను బోర్డును అడిగారు. అంతవరకు ఆ బోర్డు ఎటూ చెప్పకుండ మౌనముగా నెట్టుకొని వచ్చింది. అడిగిన తరువాత మాత్రము, బానిసలను ఆస్తిగా ఉంచుకొందుననువానిని నియమించలేము అని జవాబు వ్రాసింది. ఆ జవాబు సహించలేక దక్షిణాది బాప్టిస్టులు 1845 మే నెలలో ఇదే జార్జియాలోని అగస్టా పట్టణములో కూడి వేరుపడి సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ స్థాపించుకున్నారు. ఆ కన్వెన్షన్ 1995లో దీనిని గూర్చి బహిరంగముగా పశ్చాత్తాపము ప్రకటించింది, నూట యాభై యేండ్లకు. 1840లో నెల్లూరులో స్థిరపడిన శామ్యూల్ డే దొరగారిని మన తెలుగువారి యొద్దకు పంపినది ఆ బోస్టను బోర్డే. కాబట్టి ఈ తగవు ఎక్కడో పరాయివారిది అనుకొనుటకు మనకు వీలు లేదు.

మరల మేకన్‌కు వద్దాము. ఎలెన్, విలియము ఒకరినొకరు ఇష్టపడ్డారు. అయితే పెండ్లికి ఎలెన్ చాలకాలము ఒప్పుకొనలేదు. తనకు పుట్టిన బిడ్డ తన ఒడిలోనుండి అమ్ముడుపోవునేమో అను భయము ఆమెను వదలలేదు. తాను అలా పోయినదే కదా. చివరకు 1846లో యజమానుల అనుమతితో ఇద్దరూ ఒకటయ్యారు. చట్టము దృష్టిలో అది పెండ్లి కాదు, ఏ యజమాని అయినా ఎప్పుడైనా విడగొట్టవచ్చును.

పారిపోవుట ఎట్లు? ఉత్తర రాష్ట్రములకు వెయ్యి మైళ్లు. అడవులలో కుక్కలు, దారులలో కావలివారు. 1848 డిసెంబరులో వారికి తోచిన ఆలోచన ఇది: ఎలెన్ తెల్లగా ఉన్నది గనుక యజమానిగా నటించవలెను, విలియము ఆమె బానిసగా వెంట నడువవలెను. రాత్రివేళ అడవి పట్టుకొని కాదు, పట్టపగలు రైలులో, స్టీమరులో, టిక్కెట్టు కొనుక్కొని పోవలెను. అయితే తెల్ల స్త్రీ నల్ల బానిసతో ఒంటరిగా ప్రయాణము చేయుట ఆ దేశాచారము కాదు. కాబట్టి ఎలెన్ స్త్రీగా పోరాదు, పురుషుడు కావలెను.

విలియము తాను దాచుకొన్న డబ్బుతో ఒక్కొక్క వస్తువును వేర్వేరు దుకాణములలో కొన్నాడు. ప్యాంటు మాత్రము ఎలెన్ తన చేతులతో కుట్టుకుంది. విలియము ఆమెకు చేసి ఇచ్చిన తాళముగల సొరుగులపెట్టెలో అవన్నియు దాచింది. గడ్డము మీసములు లేవని ఎవరైనా గుర్తించుదురేమో, అందుకు దవడకు మందు పట్టు వేసి గుడ్డ చుట్టింది. కంటిలోని బెదురు కనబడకుండ ఆకుపచ్చ కళ్లద్దములు పెట్టింది. ఇంకొక గండము ఉన్నది. సత్రములలో, సుంకపు కచేరీలలో ప్రయాణికులు పుస్తకములో పేరు వ్రాయవలెను. బానిసలకు చదువు చెప్పుట జార్జియాలో నేరము, అందుచేత ఇద్దరికీ చదువుట, వ్రాయుట రాదు. ఆ చిక్కు తలచుకొని వారు దాదాపు ప్రయత్నము మానుకొనబోయారు. అప్పుడు ఎలెన్‌కే తోచింది: కుడిచేతికి కట్టు కట్టుకొని మెడకు తగిలించుకుంటే, నొప్పిగా ఉన్నది, నా బదులు మీరు వ్రాయుడని అడుగవచ్చును గదా!

క్రిస్మస్ పండుగకు కొన్ని దినములు సెలవు చీటీలు సంపాదించారు. ఆ చీటీలలో ఏమి వ్రాసి ఉన్నదో వారు చదువుకొనలేరు. డిసెంబరు 21 తెల్లవారకముందే విలియము ఆమె జుట్టు కత్తిరించాడు. తలుపు తీయవలసిన క్షణములో ఎలెన్ వెనుకకు తగ్గి భర్త రొమ్ముమీద తల వాల్చి ఏడ్చింది. ఇద్దరూ మౌనముగా ప్రార్థన చేసుకున్నారు. తరువాత తలుపు తీసి, వేర్వేరు దారులలో స్టేషనుకు నడిచారు.

రైలులో విలియము నల్లవారి పెట్టెలో కూర్చున్నాడు. అతడు పనిచేయు కార్ఖానా యజమాని అనుమానముతో ఒక్కొక్క పెట్టె తొంగిచూచుచు రాగా, విలియము ఉన్న పెట్టె దగ్గరకు రాకముందే బండి కదిలింది. ఎలెన్ ఊపిరి పీల్చుకొని ప్రక్కకు చూచేసరికి, తన యజమాని స్నేహితుడు క్రే అను పెద్దమనిషి కూర్చొని ఉన్నాడు! ముందటి దినమే ఆ ఇంట భోజనము చేసినవాడు, ఆమెను చిన్నప్పటినుండి ఎరిగినవాడు. ఆయన మర్యాదగా పలకరించాడు. గొంతు గుర్తుపట్టునేమో అని ఎలెన్ చెవిటివానివలె కిటికీలోనుండి బయటకు చూస్తూ ఉండిపోయింది. ఆయన గొంతు పెంచి మరల అడిగితే ఒక్క మాటతో సరిపుచ్చింది. చెవుడు ఎంత బాధ అని ప్రక్కవారు జాలిపడ్డారు.

చిన్ననాటినుండి ఎత్తి పెంచినంత ఎరుక ఉన్నవాడు, పక్క సీటులో కూర్చొని, ఆమెను గుర్తుపట్టలేదు. ఎందుకు? ఆయన ఎన్నడును ఆమె ముఖము చూడలేదు గనుక అని మాకు అనిపిస్తుంది. ఆయన చూచినది పళ్లెము తెచ్చే చేతిని. టోపీ, కోటు వేసుకొనగానే ఆయనకు దొర కనిపించాడు.

సవన్నా నుండి చార్లెస్టనుకు స్టీమరు. మరునాటి ఉదయము భోజనబల్ల దగ్గర ఎలెన్, విలియము చేసిన ఉపచారమునకు 'థాంక్యూ' అన్నది. వెంటనే ఒక సైనికాధికారి మందలించాడు: బానిసతో అట్లు మాట్లాడితే వాడు చెడిపోవును, కసరవలెను గాని కృతజ్ఞత చెప్పరాదు. ప్రియులారా, ఇది గమనించండి. ఎలెన్ రంగు ఆమెను పట్టివ్వలేదు, గొంతు పట్టివ్వలేదు. పట్టివ్వబోయినది ఆమె మర్యాద. దొరగా చెలామణి కావలెనంటే తెల్లగా ఉండుట చాలదు, భర్తను కసరుట కూడ నేర్చుకొనవలెను. అదే బల్ల దగ్గర ఒక బానిసల వర్తకుడు విలియమును అమ్ముదువా అని అడిగాడు. ఉత్తరాదికి తీసుకొనిపోతే పారిపోవునని ఓడ కెప్టెను కూడ హెచ్చరించాడు. ఆమె అమ్మను అని చెప్పి ఊరుకుంది. తన భర్తకు వెల కట్టుచుంటే ముఖము మారకుండ కూర్చొనుట ఎటువంటిదో మీరే ఊహించండి.

చార్లెస్టను సుంకపు కచేరీలో భయపడినదే జరిగింది. గుమాస్తా పేరు వ్రాయుమన్నాడు. చేతికట్టు చూపి మీరే వ్రాయుడన్నది. వాడు చేతులు జేబులలో పెట్టుకొని ససేమిరా అన్నాడు. చుట్టూ జనము చూస్తున్నారు. ఇంతలో స్టీమరులో నీతి చెప్పిన ఆ అధికారియే కొంచెము బ్రాందీ మత్తులో అక్కడికి వచ్చి, 'జాన్సను' దొరతో చెయ్యి కలిపి, ఈయన బంధువులందరు నాకు తెలుసునని గొప్పగా సాక్ష్యము పలికాడు! ఆ మాట విని ఓడ కెప్టెను నేనే బాధ్యత వహించుదునని పేరు వ్రాశాడు. ఎస్తేరు గ్రంథములో దేవుని పేరు ఒక్కచోటను లేదు గాని, ఆ రాత్రి రాజుకు నిద్ర పట్టకపోవుటలో ఆయన చెయ్యి ఉన్నదని మనము నమ్ముతాము. ఈ త్రాగుబోతు సాక్షి సంగతి చదువరులే విచారించుకొందురు గాక.

వర్జీనియా రైలులో ఒక పెద్దమనిషి, ఆయన ఇద్దరు కుమార్తెలు ఈ జబ్బు దొరమీద జాలిపడ్డారు. ఆయన కీళ్లనొప్పికి మందు కాగితముమీద వ్రాసి ఇచ్చాడు. తలక్రిందులుగా పట్టుకొందునేమో అని ఎలెన్ దానిని చదివినట్టు నటించక, కృతజ్ఞత చెప్పి జేబులో వేసుకుంది. చివరి గండము బాల్టిమోరు, క్రిస్మస్ ముందటి రాత్రి. బానిసను దాటించుటకు ముందు అతడు నీ సొత్తేనని రుజువు చూపవలెనని అధికారి పట్టుపట్టాడు. అక్కడ ఎరిగినవారు ఎవరూ లేరు. బండి గంట మ్రోగింది. అధికారి తల గోక్కొని, జబ్బు మనిషిని ఆపుట బాగుండదులెమ్మని పోనిచ్చాడు. దారిలో పడవ మారవలసినచోట విలియము సామానుల పెట్టెలో అలసి నిద్రపోయాడు. ఎలెన్‌కు అతడు కనిపించలేదు. డబ్బంతా విలియము దగ్గరే ఉన్నది. పట్టుకొన్నారేమో, చంపివేశారేమో అని ఆ చీకటిలో ఆమె ఒంటరిగా పడిన వేదన అంతా ఇంతా కాదు.

డిసెంబరు 25 తెల్లవారుజామున దూరమున ఫిలడెల్ఫియా దీపములు కనిపించాయి. అప్పటి తన సంతోషమును విలియము, బనియన్ వ్రాసిన 'యాత్రికుని ప్రయాణము'లో సిలువను చూచిన క్రైస్తవుని సంతోషముతో పోల్చుకున్నాడు. ఊరిలో దిగి ఒక గదికి చేరి ఎలెన్ ఆ వేషము తీసివేసి తన బట్టలు కట్టుకుంది. కొద్దిదినములకు వారిని చేర్చుకొన్నది ఒక క్వేకరు కుటుంబము. ఆ ఇంటివారు తెల్లవారని చూడగానే ఎలెన్ వణికిపోయింది, లోపలికి రానన్నది. ప్రేమతో మాటలాడి వారు ఆ భయము పోగొట్టారు. అక్కడ ఉన్న మూడు వారములలో ఇద్దరూ తమ పేరు తాము వ్రాసుకొనుట నేర్చుకున్నారు.

ఇప్పుడు మా అసలు సంగతి. తెల్లగా కనబడువారు తెల్లవారిగా చెలామణి అయి బానిసత్వము తప్పించుకొనుట ఎలెన్‌తో మొదలు కాలేదు. మనుష్యులందరు సమానులుగా సృజింపబడిరని 1776లో అమెరికా ప్రకటన వ్రాసిన జెఫర్సను ఇంటిలోనే సాలీ హెమింగ్స్ అను బానిస స్త్రీకి పుట్టిన బెవర్లీ, హారియట్ 1822లో ఇల్లు విడిచిపోయి తెల్లవారిలో కలిసిపోయారు. వారు ఫలానావారని ఎవరికీ తెలియలేదని తమ్ముడు మాడిసన్ 1873లో చెప్పాడు. తన అక్కనుండి పదేళ్లుగా కబురు లేదని కూడ చెప్పాడు. వారిని తప్పుపట్టుటకు మనమెవరము? అయినను ఆ దారిలో స్వాతంత్ర్యమునకు కట్టిన వెల అది: తల్లి పేరు ఎత్తరాదు, తమ్ముని ఇంటికి పోరాదు, బ్రతికినంత కాలము కట్టు విప్పరాదు.

ఎలెన్ ఆ వెల కట్టలేదు. బోస్టనులో ఆమె విలియమును వదలుకుంటే తెల్ల స్త్రీగా సుఖముగా బ్రతుకవచ్చును. బదులుగా భర్త ప్రక్కన వేదికలెక్కి, నేను బానిసను అని చెప్పింది. సభకు వచ్చిన తెల్లవారు 'తెల్ల బానిస' అని ఆశ్చర్యపడి కన్నీరు కార్చేవారు. ఆ కన్నీరు మాకు అంత మంచిగా కనబడదు. విలియము చెల్లెలు బండి ఎక్కినప్పుడు రాని కన్నీరు, తమ పోలికగల ముఖము కనబడగానే వచ్చింది. అయినను వారు ఎలెన్ మాట వినకపోలేదు.

అందుకు ఫలితముగా పేర్లు పత్రికలకెక్కి ఆచూకీ తెలిసిపోయింది. 1850 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము పారిపోయిన బానిసల చట్టము చేసింది. ఉత్తరాదిలో దొరికినవారిని కూడ తిరిగి అప్పగించవలెను, అడిగితే ఏ పౌరుడైనా పట్టుటకు తోడ్పడవలెను. విచారించు అధికారికి, మనిషిని అప్పగించితే 10 డాలర్లు, విడిచిపెట్టితే 5 డాలర్లు. అక్టోబరులో మేకన్ నుండి ఇద్దరు మనుష్యులు వారంటుతో బోస్టను చేరారు. ఊరిలోని నల్లవారు కాపు కాశారు. ఒకప్పుడు తానును పారిపోయి వచ్చిన లూయిస్ హేడెన్ తన ఇంట విలియమును దాచి, ఎవరైనా లోపలికి వస్తే ఇల్లు పేల్చివేయుదునని తుపాకిమందు సిద్ధము చేసుకున్నాడు. వచ్చినవారు చివరకు వెళ్లిపోయారు. నవంబరులో థియోడర్ పార్కరు అను పాస్టరు వారికి చట్టప్రకారము వివాహము జరిపించాడు. ఆ తరువాత వారు కెనడా మీదుగా ఇంగ్లాండు చేరారు. అక్కడ సర్రే జిల్లాలోని ఓకమ్ పాఠశాలలో చదువుకున్నారు. అయిదుగురు బిడ్డలు పుట్టారు, అందరూ స్వతంత్రులుగానే.

ఎలెన్ బానిసత్వమునకే తిరిగిపోవ గోరుచున్నదని పుకారు పుట్టినప్పుడు 1852లో ఆమె ఒక లేఖ అచ్చు వేయించింది. అమెరికాలోని ఎంత మంచి యజమానికి బానిసగా ఉండుటకంటె ఇంగ్లాండులో స్వతంత్రురాలుగా ఆకలితో చచ్చుట మేలని దాని సారాంశము. నాలుగేళ్ల క్రిందట పేరు వ్రాయలేక చేతికి కట్టు కట్టుకొన్న మనిషి పేరుతో ఆ లేఖ అచ్చయింది.

మరి మన మొదటి ప్రశ్న? ఎలెన్ చెప్పినవాటిలో నిజము కానివి ఉన్నవి. జాన్సను అను దొర లేడు, కీళ్లనొప్పి లేదు. తరగతిలో ఎవరైనా ఇది అబద్ధము కాదా అంటే కాదని మేము వాదించము. అయితే ఆ రైలులో ఇంకొక పెద్ద అబద్ధము టిక్కెట్టు లేకుండ ప్రయాణము చేస్తున్నది. ఒకే తండ్రి బిడ్డలలో ఒకరు మనిషి, ఒకరు సొత్తు అనునదే ఆ అబద్ధము. దానికి చట్టము, బ్యాంకు, వేలంపాట, అగస్టాలో కూడిన సంఘము అన్నియు సంతకము చేశాయి. ఒక టోపీ, ఒక కోటు వేసుకొనగానే ఆ చట్టమునకు ఎవరు ఎవరో తెలియకపోయింది. తన పుస్తకము ఆరంభములోనే విలియము అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో పౌలు ఏథెన్సువారితో చెప్పిన మాటను, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను ప్రక్కప్రక్కన పెట్టాడు. ఆ అధ్యాయము తరగతిలో బిగ్గరగా చదవండి.

బానిసత్వము 1865లో చట్టముచేత రద్దయింది. 1860 జనాభా లెక్కలలో బానిసలు దాదాపు 40 లక్షలమంది. ఆ 1865లోనే ఎలెన్ తన తల్లి మరియ ఆచూకీ కనుగొని ఓడ టిక్కెట్టు పంపించి లండనుకు రప్పించుకుంది. తల్లి ఎవరో చెప్పుకొనిన బిడ్డకే అది సాధ్యమైంది. 1860ల చివర వారు అమెరికాకు తిరిగి వచ్చారు. మొదట దక్షిణ కరోలినాలో తీసుకున్న తోటను 1870లో రాత్రిపూట వచ్చినవారు తగులబెట్టారు. అయినను వెనుదీయక జార్జియాలోనే వుడ్‌విల్ అనుచోట భూమి తీసుకొని, స్వతంత్రులైన నల్లవారి కొరకు వ్యవసాయము, బడి పెట్టారు. అక్షరము చెప్పుట నేరమైన ఆ రాష్ట్రములోనే ఎలెన్ పిల్లలకు బడి నడిపింది. అప్పులవలన, విరోధులవలన అది ఎక్కువ కాలము నిలువలేదు. ఎలెన్ 1891లో, విలియము 1900లో చనిపోయారు.

వచ్చే నెల ఆదికాండము 42 నుండి 45వరకు తీసుకుందాము. యోసేపు తన అన్నలకు తన్ను తాను ఎందుకు అంతకాలము తెలియపరచుకొనలేదో చదివి రండి. మంత్రసానులను గూర్చి మీ తరగతిలో ఏమి తేలినదో వ్రాసి పంపినయెడల అచ్చు వేస్తాము.